గల్లాపెట్టె దగ్గరి నాయనమ్మ

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా నాయనమ్మ మొన్న మాఘమాసంలో నిద్రలోనే పోయారు. తొంభై అని కొందరు, తొంభై అయిదు అని కొందరు అంటున్నారు. ఆధార్ కార్డులో 01-01-1942 అని ఉంది. తాతయ్య యానాంకి ఎదురుగా గోదావరి ఇవతలి ఒడ్డున ఉన్న ఎదుర్లంక రేవులో పంటు (జనాన్ని ఏరు దాటించే పెద్ద పడవ) మీద పనిచేస్తూ చిన్న వయసులోనే చనిపోతే, ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని నాయనమ్మ ఆ రేవు ఒడ్డునే తాటాకు పాక వేసి కాఫీ హోటల్ పెట్టారు. పంటు ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఆమె పెసరట్టు తినే వెళ్లేవారట. 2002లో వంతెన వచ్చాక రేవు ఖాళీ అయిపోయింది. అప్పుడు హోటల్ని ఊళ్లో బస్టాపు దగ్గరికి మార్చి, మోకాళ్లు మొరాయించేదాకా నడిపారు.

సంవత్సరీకానికి ఆమె మీద ఒక చిన్న పుస్తకం వేసి బంధువులకు పంచాలని నా కోరిక. నాన్న సరేనన్నారు గానీ హోటల్ సంగతి ఎక్కువ రాయొద్దంటున్నారు. "ఆకలన్నవాళ్లకి అన్నం పెట్టిన అన్నపూర్ణ అని రాయి, చాలు. కాఫీలు అమ్ముకుని బతికిందని పదిమందీ చెప్పుకోవాలా?" అంటున్నారు. మా దగ్గర రెండే ఫొటోలున్నాయి. నాయనమ్మకి చదువు రాదు కాబట్టి ఆమె చేతి రాత ఒక్క ముక్క కూడా లేదు. ఆమె పెళ్లి యానాంలో జరిగిందనీ, గోదావరి పుష్కరాలైన మరుసటి ఎండాకాలంలో అనీ, అప్పటికి ఆమెకి ముందు పళ్లు ఊడి కొత్తవి వస్తున్నాయనీ వాళ్లమ్మ చెప్పేదట. ఆ మాట నాయనమ్మ చెల్లెలు నాకు చెప్పింది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఏం రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక మనవరాలు, ముమ్మిడివరం

జవాబు: అమ్మా, మీ నాన్నగారి మాట దగ్గరే మొదలుపెడతాను. పదిహేనేళ్ల కిందట సరిగ్గా అదే తప్పు నేను చేశాను.

నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరులో పునాదిరాయి వేశారు కదా, ఆ తర్వాత రాళ్ల పనికి పల్నాడు నుంచి వెళ్లిన వేలమందిలో మా మేనత్త, మామయ్య ఉన్నారు. అది రాతితో కట్టిన ఆనకట్ట. మనుషుల భుజాల మీద లేచింది. మామయ్య కాలి మీద రాయి పడి ఇక పనికి వెళ్లలేని స్థితి వస్తే, అత్త కూలీల గుడిసెల పక్కన మూడు రాళ్ల పొయ్యి పెట్టి టీ, ఇడ్లీ అమ్మడం మొదలుపెట్టింది. 1967లో కాలవలకి నీళ్లు వదిలారు, కూలీలు ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. అత్త మాచర్ల రోడ్డు మీదికి మారి అక్కడ నలభై ఏళ్లు హోటల్ నడిపింది. ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు, మా నాన్న చదువు, చివరికి నా కాలేజీ ఫీజు, అన్నీ ఆ గల్లాపెట్టెలోంచే వచ్చాయి.

ఆమె పోయాక పెద్దకర్మకి ఫ్లెక్సీ మీద మాటలు నన్నే రాయమన్నారు. చదువుకున్నదాన్ని కదా. నేను రాసిందేమిటంటే, ఫలానా వారి ధర్మపత్ని, గృహలక్ష్మి, అన్నపూర్ణ. హోటల్ అన్న మాట రాయలేదు. రాయబోయి ఆగిపోయాను, మీ నాన్నగారిలాగే. పెద్దకర్మ రోజు మధ్యాహ్నం ఒక ముసలాయన చేతికర్ర పట్టుకుని వచ్చాడు. ఒకప్పుడు హైదరాబాద్ దారిలో లారీ నడిపేవాడట. ఫ్లెక్సీ ముందు నుంచే రెండుసార్లు అటూ ఇటూ నడిచి, చివరికి ఎదురుగా ఉన్న బడ్డీ కొట్టులో అడిగాడు, "హోటలమ్మ చనిపోయిందన్నారు, ఆ ఇల్లెక్కడయ్యా?" అని. ఫొటో చిన్నతనంలోది, ఆయనకి గుర్తుపట్టే వీలు లేదు. పేరు ఆయనెప్పుడూ విని ఎరగడు. ఆయనకి తెలిసిన ఒక్క మాటా నేను రాయలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె కలుక్కుమంటుంది.

మీ నాన్నగారి మనసు నాకు అర్థమవుతుంది. అన్నం అమ్ముకోవడం తప్పు, పెట్టడం పుణ్యం అని మనవాళ్లలో ఎప్పటినుంచో ఉంది. అందుకే అమ్మిన ఆడవాళ్ల పేర్లు నిలవలేదు. కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మని చూడండి. ఊరంతటికీ కావలసిన మనిషి, నాటకమంతా నోట్లో నానే మనిషి, అయినా ఆమెకంటూ ఒక పేరు లేదు. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే, ఓరుగల్లు పూటకూళ్ల ఇంట్లో ఒక్క రూకకి ఏమేం వడ్డించేవారో క్రీడాభిరామం అనే పాత కావ్యంలో పద్యం ఉంది. గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు. ఆ ఇంటాయన పేరు కూడా అందులో ఉంది. ఆ పెసరపప్పు ఉడికించిన చేయి ఎవరిదో మాత్రం లేదు.

మీ కోనసీమకి డొక్కా సీతమ్మగారు ఉండనే ఉన్నారు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై, 1909లో పోయేదాకా గోదావరి దాటివచ్చిన ప్రతివాడికీ వేళకాని వేళ కూడా అన్నం పెట్టారు. గన్నవరం అక్విడక్టుకి ఆమె పేరు పెట్టారు, ఇప్పుడు బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే. ఆ తల్లికి చేతులెత్తి దండం పెట్టాల్సిందే. అయితే సీతమ్మగారి వెనక భర్త జోగన్నగారి పొలం ఉంది, పండిన గింజ ఉంది. మీ నాయనమ్మ వెనక ఏముంది? ముగ్గురు పిల్లలు, ఒక పాక. ఆమె ఇవాళ అమ్మితేనే రేపటి పెసలు. ఇద్దరి కథా ఒకే మాటతో రాస్తే ఇద్దరికీ అన్యాయం. ఇంకో సంగతి. డబ్బిచ్చి తిన్న పంటు కూలీ మర్నాడు కూడా మొహమాటం లేకుండా వచ్చి బల్ల మీద కూర్చుంటాడు. ఊరికే పెడితే ఎన్ని రోజులు వస్తాడు? అమ్మడంలో ఉన్న ఈ గౌరవం మీ నాన్నగారితో నెమ్మదిగా మాట్లాడి చూడండి. ఆయన చదువుకున్న పలకా పుస్తకాలూ ఆ కాఫీ డబ్బులతో కొన్నవే అయి ఉంటాయి.

ఇక వయసు సంగతి. ఆధార్ తేదీని పట్టించుకోకండి. పుట్టినరోజు కాగితం లేనివాళ్లు వయసు ఎంతని చెబితే ఆ లెక్కన సంవత్సరం వేసి, జనవరి 1 అని పెట్టేశారు. మన ముసలివాళ్లలో చాలామందికి అదే తేదీ. మీ చిన్న నాయనమ్మ చెప్పిన మాటల్లోనే జవాబుంది. గోదావరి పుష్కరాలు 1931 ప్రాంతంలో ఒకసారి, తర్వాత 1943లో, 1955లో వచ్చాయి. ఇంకో ఆనవాలు, పెళ్లి యానాంలో జరగడం. బాల్యవివాహాలు కుదరవని 1930 నుంచి శారదా చట్టం అమల్లోకి వచ్చాక, అటూ ఇటూ జిల్లాలవాళ్లు చిన్నపిల్లల పెళ్లిళ్లకి యానాం దారి పట్టేవారు. అది ఫ్రెంచివాళ్ల ఏలుబడి, ఈ చట్టం అక్కడ చెల్లదు. 1954లో యానాం మన దేశంలో కలిసిపోయింది, కాబట్టి 1955 పుష్కరాల తర్వాత అక్కడికి వెళ్లి పెళ్లి చేయాల్సిన పనే లేదు. 1931 నాటివైతే ఇప్పటికి ఆమెకి నూరు దాటాలి. మిగిలింది 1943. అంటే పెళ్లి 1944 ఎండాకాలంలో. ముందు పళ్లు ఊడి వచ్చేది ఏడెనిమిదేళ్లకి. మీ నాయనమ్మ 1936కి కాస్త అటూ ఇటూగా పుట్టారు. పుస్తకంలో ఒకే తేదీ వేయకుండా, ఈ లెక్క ఎలా కట్టారో అదే రాయండి. ఏడెనిమిదేళ్ల పిల్ల పడవెక్కి ఏరు దాటి పెళ్లి చేసుకుని వచ్చింది, మళ్లీ ఆ ఏటి ఒడ్డునే జీవితమంతా గడిపింది. మీ పుస్తకానికి మొదటి పేజీ ఇదే అనిపిస్తోంది నాకు.

మిగతా సంవత్సరాలు కూడా ఇలాగే పట్టుకోవచ్చు. పెద్దవాళ్లని "ఏ సంవత్సరం?" అని అడిగితే చెప్పలేరు. "కొత్త పైసలు వచ్చాక పెట్టిందా, ముందేనా?" అని అడగండి (అది 1957). "1967 పుష్కరాలకి హోటల్ ఉందా?" "1986 వరదకి పాకలోకి నీళ్లొచ్చాయా?" "పాశర్లపూడి గ్యాస్ బావి మండినప్పుడు?" ఆ మంట 1995 జనవరి 8న మొదలై రెండు నెలలు దాటి ఆరలేదు, కోనసీమలో దాన్ని మరిచినవాళ్లుండరు. "96 తుపాను రాత్రి నాయనమ్మ ఎక్కడుంది?" ఆ నవంబరు 6 రాత్రి కొబ్బరిచెట్లే నిలవలేదు, తాటాకు పాక నిలిచి ఉండదు. మళ్లీ ఎన్నాళ్లకి పొయ్యి వెలిగింది? తాటాకులు ఎవరిచ్చారు? అప్పు ఎవరి దగ్గర తెచ్చింది? ఈ ఒక్క ప్రశ్నకే మీకు పది పేజీలు వస్తాయి.

ఆమె రోజు ఎలా గడిచేదో కనుక్కోండి, ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఎదుర్లంక దగ్గర గోదావరికి సముద్రం పోటు తగులుతుంది, ఎండాకాలంలో నీళ్లు ఉప్పెక్కుతాయి. ఆ నీళ్లతో కాఫీ పెట్టలేరు. మరి మంచినీళ్లు ఎక్కడినుంచి తెచ్చేది? వేసవిలో కాలవలు కూడా కట్టేస్తారు. ఏ చెరువు? ఎన్ని బిందెలు? ఎవరు మోశారు? పంటు ఆటుపోట్లని బట్టి ముందూ వెనకా అయినప్పుడు, నానబెట్టిన పెసలు ఎంత రుబ్బాలో ఎలా తెలిసేది? పెసరట్టు పిండి ఇడ్లీ పిండిలా రేపటికి ఆగదు కదా. ఆమె రేవు వైపు చూసి జనాన్ని లెక్కపెట్టుకునేదా? పంటు నడిపే సరంగు ముందుగా కబురు చేసేవాడా? పాలు పోసిన ఇల్లు, కట్టెలు వేసిన మనిషి, గ్లాసులు కడిగిన కుర్రాళ్లు, వీళ్లలో ఎవరో ఒకరు ఇంకా ఉంటారు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లండి, బంధువుల దగ్గరికి తర్వాత వెళ్లవచ్చు.

ఆమె చేతుల గురించి తప్పకుండా రాయండి. మా అత్తది ఒకటి చెబుతాను, ఎలాంటివి వెతకాలో మీకే తెలుస్తుంది. ఆమె పిండి చేతితో డబ్బు ముట్టుకునేది కాదు. గల్లాపెట్టె మూతకి సన్నటి చీలిక ఉండేది, తిన్నవాళ్లే అందులో వేసేవారు. చిల్లర కావాలంటే పక్కన సత్తుపళ్లెంలోంచి వాళ్లే తీసుకోవాలి. ఆమె వీపు గల్లాపెట్టెకి, మొహం పొయ్యికి. అయినా ఎవరు ఎంత వేశారో ఆమెకి తెలుసు. పావలా పడితే ఖంగుమంటుంది, అల్యూమినియం పదిపైసల బిళ్ల పడితే చప్పుడే ఉండదు. ఆవిరి మూత తీస్తూనే "ఏమయ్యా, నాలుగు ఇడ్లీలకి అదేనా?" అనేది, వెనక్కి తిరగకుండా. రుబ్బురోలు ఆమెకన్నా పాతది. రోళ్లకి కక్కు కొట్టేవాళ్లు (అరిగి నునుపెక్కిన రాతిని ఉలితో గరుకు చేసేవాళ్లు) ఊళ్లోకి వస్తే రెండు ఇడ్లీలు ఎక్కువ పెట్టి మరీ కొట్టించుకునేది. కొట్టించీ కొట్టించీ, రుబ్బీ రుబ్బీ ఆ గుంట ఎంత లోతైపోయిందంటే, చివర్లో పొత్రం అందులో మునిగిపోయి పిండి చేతికి అందేది కాదు. గ్రైండర్ కొన్నాక కూడా ఆ రోలు పారేయనివ్వలేదు. ఆమె కుడి భుజం ఎడమదానికన్నా కిందికి వాలి ఉండేది. ఫ్లెక్సీకి ఫొటో వెతుకుతున్నప్పుడు ఆ భుజం కనబడని ఫొటోనే నేను ఏరాను.

లెక్కల పుస్తకం లేదని బాధపడకండి. చదువు రాని వ్యాపారస్తులకి లెక్క గోడ మీద ఉంటుంది, తలలో ఉంటుంది. గోడ మీద బొగ్గు గీతలు, గూట్లో చింతపిక్కలు, చీర కొంగుకి ముడులు, ఏదో ఒక పద్ధతి మీ నాయనమ్మకీ ఉండే ఉంటుంది. పాతబాకీలు వసూలు చేయడానికి ఆమె ఎవరిని పంపేది, ఎవరి బాకీ అడగకుండా వదిలేసేది, కనుక్కోండి. అన్నపూర్ణ అన్న మాట మీ నాన్నగారికి అంత ఇష్టమైతే, ఆ వదిలేసిన బాకీల దగ్గర వాడుకోమనండి.

ఒకటి మాత్రం అడగడానికి మొహమాటపడతారు. అయినా అడగాలి. ఆ రోజుల్లో పల్లెటూరి కాఫీ హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. దళితులకి వేరే గ్లాసు, తాగి వాళ్లే కడిగి పెట్టాలి. 1955 నుంచే అది చట్టప్రకారం నేరం, అయినా ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు సాగింది. మా అత్త హోటల్లోనూ చూరుకి మేకులు కొట్టి నాలుగు గ్లాసులు వేరుగా వేలాడేవి. చిన్నప్పుడు అవి ఎందుకో నాకు తెలియదు. తర్వాత ఒకసారి చూస్తే గ్లాసులు లేవు, మేకులున్నాయి. ఎప్పుడు తీసింది, ఎవరైనా గొడవ చేశారా, తనకే అనిపించిందా, నేను అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు. మీరు ఆ వాడల్లో పెద్దవాళ్లని వెళ్లి అడగండి. వాళ్లు ఏం చెబితే అది రాయండి, మంచయినా చెడయినా. అది కూడా ఉంటేనే పుస్తకంలో మిగతా మాటలని జనం నమ్ముతారు.

మీ పెద్దత్త, చిన్నత్త ఉంటే వాళ్లతో విడిగా మాట్లాడండి. హోటల్ నడిపే ఇంట్లో ఆడపిల్లల బాల్యం పిండి రుబ్బడంతోనే గడిచిపోతుంది. మీ నాన్నగారు బడికి వెళ్లారంటే, ఆ వేళకి రోలు దగ్గర ఎవరు కూర్చున్నారో వాళ్లే చెప్పాలి.

ఇక ఆ రెండు ఫొటోలు. అవి ఫోన్‌తో కాకుండా స్టూడియోలో స్కాన్ చేయించండి. యానాం, ముమ్మిడివరం వైపు పెళ్లిళ్లకి ఫొటోలు తీసిన పాత స్టూడియోలవాళ్లనీ, మీ బంధువులనీ రేవులో తీసుకున్న ఫొటోలున్నాయేమో అడగండి. ఎవరో పెళ్లివారు పంటు దిగుతూ తీయించుకున్న ఫొటోలో వెనకాల ఒక పాక, పాక ముందు పొగ కనబడినా చాలు. అట్ట మీద ఆమె పేరు వేయండి. పేరు కిందే, ఊరు ఆమెని ఏమని పిలిచిందో అదీ వేయండి.

*

ప్రశ్న: మా ఊళ్లో ఎనభై దాటిన అవ్వ ఒకామె పొద్దున్నే అరుగు మీద ఇడ్లీలు అమ్ముతుంది. ధర అడిగితే నవ్వొస్తుంది, అంత తక్కువ. ఆమె మీద వీడియో తీసి పెడదామని మా ఫ్రెండ్స్ అంటున్నారు. తీయొచ్చా?
– ఒక డిగ్రీ విద్యార్థి, జనగామ

జవాబు: తీయొచ్చు, ఆమె సరేనంటే. తెనాలి దగ్గరి గుడివాడ మస్తానమ్మగారు నూరేళ్లు దాటాక, మునిమనవడు తీసిన వంట వీడియోలతో దేశాలన్నిటికీ తెలిశారు. 2018లో ఆమె పోయినప్పుడు లక్షలమంది సొంత మనిషి పోయినట్టు బాధపడ్డారు. కోయంబత్తూరు దగ్గర వడివేలంపాళయంలో రూపాయికి ఇడ్లీ అమ్మిన కమలాత్తాళ్ అవ్వ వీడియో 2019లో అందరూ చూశాక, ఆమెకి గ్యాస్ కనెక్షన్ వచ్చింది, 2022లో మాతృదినోత్సవానికి ఇల్లు కూడా వచ్చింది. కాబట్టి మేలు జరగవచ్చు.

కానీ వీడియో చూసి ఒక్కసారిగా వందమంది వస్తే ఆ అవ్వ ఏం చేస్తుంది? పప్పు నానబెట్టేది ఆమె, రుబ్బేది ఆమె, ఆవిరి పట్టేది ఆమె. రోజూ తినే కూలీలకి ఇడ్లీ దొరకకుండా పోతే ఆమె బాధపడుతుంది. ఈ సంగతి ముందే ఆమెకి చెప్పండి. కెమెరా పెట్టకుండా నాలుగు రోజులు ఊరికే వెళ్లి కూర్చోండి. ఆ ధరకి ఎలా గిట్టుబాటవుతోందో అడగండి, ఆమె దగ్గర లెక్క ఉంటుంది. మినప్పప్పు కిలో ఎంత, రవ్వ ఎంత, కట్టెలు ఎంత, ఎన్ని ఇడ్లీలు వస్తాయి, ఎన్ని మిగులుతాయి, అన్నీ ఆమె నోటితోనే చెప్పించండి. "పాపం" అన్న మాట వీడియోలో ఎక్కడా వాడకండి.

పొద్దున్న ఏడింటికి వెళ్లి మాట్లాడించకండి, అది బేరం వేళ. పది దాటాక గిన్నెలు కడుక్కుని అరుగు మీద కాళ్లు చాపుకుంటుంది, అప్పుడు వెళ్లండి. తిన్న ఇడ్లీలకి డబ్బులివ్వండి, ఆమె వద్దన్నా సరే.